పొట్టి తూటా, పొడుగు తూటా

మా మేనమామ గుడివాడలో తన ఇంటి పెరటి అరుగు మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద రెండు తూటాలు పక్కపక్కన నిలబెట్టాడు. రెండూ ఒకే లావు. ఒకదాని ఇత్తడి తొడుగు రెండోదాని కంటే అర వడ్లగింజంత పొడుగు. జీవితమంతా ధాన్యం వ్యాపారం చేసిన మనిషి కాబట్టి ఆయన కొలత అలాగే చెప్పాడు.

"ఇది మామూలుది. ఇది గట్టిది, దీంట్లో మందు బాగా ఎక్కువ. రెండూ ఈ రివాల్వర్లో పడతాయి. ఏది పెట్టుకుంటావో నువ్వే తేల్చుకోవాలి అబ్బాయ్," అన్నాడు మా ఆయనతో.

మా ఆయన దేన్నీ ముట్టుకోలేదు. హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు ఆయన. వంటింట్లో బొద్దింక కనబడితే నన్ను పిలిచే మనిషి. ఆ మనిషి పేరు మీద కలెక్టరాఫీసు నుంచి తుపాకీ లైసెన్సు వచ్చిందంటే మా వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. మేమూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో జరిగిన సంగతి ఇది. దివిసీమలో వరిచేలు రొయ్యల చెరువులుగా మారిపోతున్న రోజులు. మా ఆయన ఉద్యోగం కోడూరు దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె బడిలో. వారమంతా కోడూరులో చిన్న గది తీసుకుని ఉండేవారు. శనివారం సాయంత్రం బస్సెక్కి బందరు వచ్చేవారు. నేను బందరులోనే ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా పాప అప్పుడు రెండో తరగతి.

ఆ పల్లెలో సగం ఇళ్లు వేటకు వెళ్లేవాళ్లవి. వాళ్ల పడవలు సముద్రంలోకి దిగే పాయకు అడ్డంగా ఒక చెరువుల కాంట్రాక్టరు మట్టికట్ట పోయించాడు. ఆ కట్ట పడ్డాక పడవలు పాలకాయతిప్ప వైపు నుంచి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. పల్లె తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగి మాట్లాడే మనిషి ఒకతను ఉండేవాడు. బడికి బెంచీలు లేవని మా ఆయన ఒకసారి మాటవరసకు అంటే, పాత పడవ చెక్కతో నాలుగు బెంచీలు చేయించి తన భుజం మీద మోసుకొచ్చి వేసినవాడు. ఒకరోజు పొద్దున్న అతను పలుగూ పారా పట్టుకుని ఆ కట్ట తవ్వడానికి దిగాడు. కాంట్రాక్టరు మనుషులు వచ్చి అతన్ని అక్కడే నరికేశారు. కాంట్రాక్టరు జీపు దిగకుండా కూర్చుని చూశాడు. సైకిలు మీద కరకట్ట వెంట బడికి వెళ్తున్న మా ఆయన ఇదంతా చూశారు.

చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ వాళ్ల వలలూ పడవలూ ఆ చెరువుల పక్క నుంచే పోవాలి, వాళ్ల ఆడవాళ్లు ఆ చెరువుల్లోనే కూలికి వెళ్లాలి. ఒక్కొక్కరే మాట మార్చుకున్నారు. చివరికి చనిపోయినతని భార్యా, మా ఆయనా మిగిలారు. చనిపోయినతని పెళ్లాం కాబట్టి ఆమె మాటకు కోర్టులో బలం తక్కువంటారని, అన్నీ మాస్టారి సాక్ష్యం మీదే ఉన్నాయని వకీలు చెప్పాడు.

పోలీసులకు వాంగ్మూలం ఇచ్చిన వారంలోనే ఎవరో ఆయన సైకిలు టైర్లు కోశారు. తర్వాత కోడూరు గది తాళం పగలగొట్టారు. ఏమీ పట్టుకుపోలేదు. పరుపు మధ్యలో కత్తి ఒకటి పిడి దాకా గుచ్చి వెళ్లారు. ఆయన బందరుకు బదిలీ చేయించుకున్నారు. ఇక్కడికీ వచ్చారు. సాయంత్రాలు మా సందు మొదట్లో సోడాబండి దగ్గర తెలియని మనుషులు నిలబడేవాళ్లు. మా ఆయన అటు వెళ్తే ఒకడు నవ్వి, "బావున్నారా మాస్టారూ? పాప బావుందా?" అని అడిగేవాడు. ఇంతకు మించి ఒక్కమాట అనేవాడు కాదు. దీనికి ఏమని ఫిర్యాదు ఇస్తాం?

వకీలు సలహా మీద లైసెన్సుకు అర్జీ పెట్టాం. వచ్చింది. అప్పుడు మావయ్య కబురు చేశాడు. ఒకప్పుడు సరుకు డబ్బుతో ఊళ్లు తిరిగే రోజుల్లో కొన్న విదేశీ రివాల్వరు ఆయన దగ్గర ఉంది. వయసైపోయి చేతులు వణుకుతున్నాయి, ఇక నాకెందుకు, అబ్బాయి పేరుకు మార్పించుకోమన్నాడు. బెజవాడ తుపాకుల షాపు ద్వారా కాగితాలన్నీ పూర్తయ్యాక, దాన్ని తీసుకోవడానికి మేమిద్దరం పాపను పక్కింట్లో వదిలి ఆదివారం పొద్దున్నే రైల్లో గుడివాడ వెళ్లాం.

"వాడడం తెలియకుండా ఇంట్లో పెట్టుకోకూడదు. పదండి," అని మావయ్య మమ్మల్ని తన చేనికి తీసుకెళ్లాడు. కోతలైపోయి చేను బోసిగా ఉంది. చుట్టుపక్కల మనుషులెవరూ లేరు. వెనక ఎత్తయిన కాలవగట్టు. దానికి ముందు, పాత గోదాము తలుపుల చెక్కలు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెట్టించి ఉంచాడు. బొటనవేలంత మందం ఉన్న మంచి చెక్కలు.

మొదట పొట్టి తూటా. మా ఆయన రెండు చేతులతో పట్టుకుని, మావయ్య చెప్పినట్టు ఊపిరి బిగబట్టి కాల్చారు. చెవులు గింగుర్లెత్తాయి. కాలవ మీద కొంగలు లేచిపోయాయి. మొదటిది చెక్కల మీదుగా పోయింది. రెండోది తగిలింది. వెళ్లి చూస్తే ముందు చెక్కలు చీల్చుకుంటూ పోయి లోపలి చెక్కలో ఎక్కడో గుండు ఇరుక్కుపోయి ఉంది. మావయ్య చాకు మొనతో దాన్ని పెకలించి అరచేతిలో వేశాడు. పుట్టగొడుగులా నలిగిపోయి ఉంది.

తర్వాత పొడుగు తూటా పెట్టాడు. "ఇప్పుడు గట్టిగా పట్టుకో. ఇది పైకి లేస్తుంది," అన్నాడు.

అది పేలిన చప్పుడు నాకు చెవుల్లో కాదు, రొమ్ములో తగిలింది. పట్టపగలు కూడా గొట్టం ముందు నిప్పు కనబడింది. మా ఆయన చేతులు రెండూ నెత్తి దాకా లేచాయి. రివాల్వరు కిందపడలేదు కానీ ఆయన మణికట్టు పట్టుకుని వంగిపోయారు. చెక్కల దగ్గరకు వెళ్లాం. ముందుది, వెనకది, దాని వెనకది, అన్నింటికీ బెజ్జాలు. చివరి చెక్క వెనకపక్క పేళ్లు లేచి ఉన్నాయి. గుండు లేదు. కాలవగట్టులో ఎక్కడో మట్టిలోకి దిగిపోయింది. మావయ్య వెతకడానికి కూడా ప్రయత్నించలేదు.

"చూశావుగా? మీద పడేవాడు ఒక్కదానితో పడాలి. పొట్టిది తగిలినా లేచి వచ్చేవాళ్లుంటారు. దీనికి లేవడం ఉండదు. నామాట విని ఇదే పెట్టుకో," అన్నాడు మావయ్య.

"ఇదే పెట్టుకుంటాను బాబాయి గారూ," అన్నారు మా ఆయన మణికట్టు రుద్దుకుంటూ.

నేను ఆ చివరి చెక్క దగ్గరే నిలబడిపోయాను. దాని వెనక నుంచి చూస్తే, బెజ్జాలన్నిట్లోంచి, అవతల మేం కాల్చిన చోటు గడ్డి కనబడుతోంది. మా ఇల్లు కళ్ల ముందుకొచ్చింది.

బందరు చిలకలపూడిలో మేం ఉన్నది ఒక పొడవాటి పెంకుటింట్లో సగం. రెండో సగంలో రోల్డ్‌ గోల్డ్ నగలు చేసే కుటుంబం. మధ్యలో ఒంటి ఇటుక గోడ. మా ముందుగదిలో కూర్చుంటే ఆ గోడ అవతల చిన్న సుత్తుల టకటకలు పొద్దస్తమానం వినబడేవి. గాజుల అతుకులకు మాటు వేసే వాసన పెంకుల కింది సందులోంచి వచ్చేది. అక్కడ తాతగారు, ఆయన కొడుకు, కోడలు, మామ్మగారు, అందరూ ఆ గోడకే ఆనుకుని వరసగా కూర్చుని పనిచేసేవాళ్లు. మా పాప ఆ పొద్దున్న నుంచి అక్కడే, ఆ గోడ పక్కనే ఉంది.

తిరుగు రైల్లో జనం పల్చగా ఉన్నారు. రివాల్వరు నా చేతిసంచిలో, చీర మడతల మధ్య ఉంది. ఒళ్లో పెట్టుకుంటే దాని బరువు తొడకు తెలుస్తోంది. మా ఎదుటి సీటు ఖాళీ అయ్యాక నేను మాట ఎత్తాను.

"ఆ పొడుగువి మనకొద్దండీ."

"ఎందుకు?"

"మన గోడ ఆ చెక్కల కంటే గట్టిదా?"

ఆయన కిటికీ వైపు తిరిగి, "వచ్చేది ఒకడు కాదు. నలుగురొస్తారు. ఆ రోజు నేను చూశాను, నువ్వు చూడలేదు. మొదటి దెబ్బ తిన్నాక కూడా అతను నిలబడే ఉన్నాడు. పార ఎత్తాడు. మనిషి అంత తేలిగ్గా పడడు. నాకున్నది ఒకే అవకాశం. అది చాలకపోతే?" అన్నారు.

"చాలినదాని కంటే ఎక్కువైతే?"

"నా పెళ్లాం, నా పిల్ల సంగతి నేను చూసుకోవాలి."

"గోడ అవతలా పిల్లలున్నారు. మన పిల్ల సగం రోజు అక్కడే ఉంటుంది."

ఇంటికి రాగానే ఆయన పొడుగు తూటాలే నింపి, బీరువాలో పై అరలో పెట్టి తాళం వేశారు. పొట్టివి అట్టపెట్టెలో ఆ పక్కనే పెట్టారు. తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఎవరికీ సరిగ్గా చెప్పలేను. పెరట్లో కొబ్బరిమట్ట పడితే ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. పాలవాడు తలుపు తడితే ఆయన ముందు బీరువా వైపు చూసేవారు. నాకు మాత్రం ఆ సోడాబండి మనుషుల కంటే, బీరువా పై అరంటేనే ఎక్కువ భయం వేసేది. ముందుగదిలో పాపకు లెక్కలు చెబుతుంటే సుత్తి చప్పుళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయో వెతికేదాన్ని. ఇది తాతగారిది. ఇది కోడలిది, ఆమె కొట్టుడు తేలిగ్గా ఉంటుంది. నా తల ఎత్తులో కాదు, నడుము ఎత్తులో వినబడేవి అవి. కూర్చుని పనిచేస్తారు కదా. నిలబడ్డ మనిషి కడుపుకు గురిపెడితే, గోడ అవతల కూర్చున్నవాళ్ల తల ఎత్తు. ఈ లెక్క ఒకసారి బుర్రలోకి వచ్చాక మళ్లీ పోలేదు.

ఒకరోజు ఉండబట్టలేక పక్కింటికి వెళ్లి చెప్పేశాను. మా ఆయన కూడా వెనకే వచ్చారు.

"తాతగారూ, మా ఇంట్లో తుపాకీ ఉంది. ఆయన కేసు సంగతి మీకు తెలుసుగా. ఒకవేళ పేలిస్తే గుండును ఆ గోడ ఆపదు. మీకు చెప్పకుండా ఉండడం నాకు బాగా అనిపించడం లేదు."

తాతగారు చేతిలో గాజు కింద పెట్టి కళ్లజోడు తీశాడు. కోడలు తన పిల్లాణ్ణి దగ్గరకు లాక్కుంది. ఇల్లు ఖాళీ చేయమంటారేమో అనుకున్నాను. అంటే తప్పు కూడా లేదు.

"మాస్టారూ, మీరు సాక్ష్యం చెప్పడానికే నిశ్చయించుకున్నారా?" అని అడిగాడు తాతగారు.

"ఆ," అన్నారు మా ఆయన.

"అయితే మేం అటు గోడ వైపు జరుగుతాంలెండి. వెలుతురు తక్కువ, అంతే," అన్నాడు తాతగారు.

మామ్మగారికి అది నచ్చలేదు. "వెలుతురు లేకపోతే నీ కళ్లకు మాటు కనబడదు. ఎన్నాళ్లు జరుగుతాం? వాళ్లకు పని ఉంటే వాళ్లు జరగాలి," అంది మొహం మీదే. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆ రోజు వాళ్లు అటు గోడకు జరిగారు. వారం తిరగకుండానే, వెలుతురు చాలక, ఒక్కొక్కరే మళ్లీ మా గోడ దగ్గరకు వచ్చేశారు. చప్పుడును బట్టి నాకు తెలిసిపోయింది. మా ఆయనకూ తెలిసింది. అయినా తూటాలు మార్చలేదు.

"సాక్ష్యం అయిపోయేదాకా ఓర్చుకో. తర్వాత నువ్వు చెప్పినట్టే," అన్నారు.

సాక్ష్యానికి సోమవారం పిలిచారు. ముందరి శుక్రవారం నాలుగున్నర వేళ ఇది జరిగింది. మా ఆయన సెలవులో ఇంట్లోనే ఉన్నారు. నేను అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. పాప రిక్షా ఇంకా రాలేదు. గుమ్మం ముందు జీపు ఆగిన చప్పుడైంది.

తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకున్న మనిషి లోపలికి వచ్చాడు. చెప్పులు బయట విప్పి మరీ వచ్చాడు. "నమస్కారం మాస్టారూ," అని మా ముందుగదిలో పేము కుర్చీ లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ గోడకే. అవతల సుత్తులు మోగుతూనే ఉన్నాయి.

"నేను కాంట్రాక్టరు గారి బావమరిదిని. గొడవకు రాలేదు. సోమవారం మీకు ఒంట్లో బాగుండదు, అంతే. కోర్టుకు వెళ్లినా సరిగ్గా కనబడలేదంటారు. మీకు ఏ ఊరు బదిలీ కావాలన్నా చేయించే పూచీ మాది."

"నేను చూసింది చెప్పక తప్పదండీ," అన్నారు మా ఆయన.

ఆ మనిషి నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "పాపకు రిక్షా ఆలస్యమైంది మాస్టారూ. ఎండలో నిలబడి ఉంటే, పాపం అనిపించి, నేనే జీపులో ఎక్కించుకొచ్చాను. బయట కూర్చుంది. ముద్దుగా మాట్లాడుతుంది."

నేను గుమ్మంలోకి పరిగెత్తాను. జీపు ముందు సీట్లో డ్రైవరు పక్కన మా పాప కూర్చుని ఐసు చీకుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చెయ్యి పాప వెనక సీటు మీద వేసి ఉంది.

"మీరు ఊ అంటే దిగుతుంది. లేకపోతే కాస్త అలా తిప్పి తీసుకొస్తాం. పిల్లలకు జీపంటే సరదా," అన్నాడు ఆ మనిషి లోపల నుంచి.

వెనక్కి తిరిగేసరికి మా ఆయన గదిలో లేరు. లోపలి గదిలోంచి బీరువా తలుపు కిర్రుమంది.

నేను వెళ్లేసరికి రివాల్వరు ఆయన చేతిలో ఉంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. రక్తమంతా దిగిపోయి సుద్దలా ఉంది. గుమ్మం వైపు కదలబోతే నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"గోడకు ఆనుకుని కూర్చున్నాడు," అన్నాను చెవిలో.

"వదులు."

"వాడి వెనక తాతగారున్నారు. వినండి. వినబడుతోందా?"

టక్‌, టక్‌, టక్‌. కోడలి తేలిక చప్పుడు. మధ్యలో వాళ్ల పిల్లాడి కేరింత. ఆయన విన్నారు. గుమ్మం వైపు వేయబోయిన అడుగు ఆపారు.

"మన పాప..."

"పొట్టివి పెట్టండి. వెళ్లేది ఎలాగూ వెళ్తారు. అవి పెట్టుకుని వెళ్లండి."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, రివాల్వరు చక్రం పక్కకు తోసి, గొట్టం పైకెత్తారు. పొడుగు తూటాలు పరుపు మీద పడ్డాయి. నేను అట్టపెట్టె మూత తీసి పట్టుకున్నాను. ఆయన వేళ్లకు తూటా ఆగడం లేదు. ఒకటి జారి మంచం కిందకు దొర్లిపోయింది. వదిలేయమని నేను ఇంకొకటి అందించాను.

"మాస్టారూ, ఇంతసేపా? కాసిని మంచినీళ్లు ఇప్పించండి," అని ముందుగదిలోంచి కేక వచ్చింది.

నేనే గ్లాసుతో నీళ్లు తీసుకెళ్లాను. ఆ మనిషి నీళ్లు అందుకుని నెమ్మదిగా, నోటికి తాకకుండా ఎత్తి పోసుకున్నాడు. గ్లాసు నాకిచ్చి, "దేవుడు మీకు మంచి పిల్లనిచ్చాడమ్మా," అన్నాడు. బయట జీపు ఇంజను గురగురమంటోంది.

మా ఆయన వచ్చారు. రివాల్వరు నేల వైపు వంచి, తొడకు ఆనించి పట్టుకున్నారు. ఆ మనిషి దాన్ని చూశాడు. నవ్వు మొహం అలాగే ఉంచుకున్నాడు గానీ కాళ్లు కుర్చీ కిందకు లాక్కున్నాడు.

"కాలుస్తారా మాస్టారూ?"

"తెలీదు," అన్నారు మా ఆయన. "నాకు నిజంగానే తెలీదు. పాపని దింపమని చెప్పు. అప్పుడు నీకూ నాకూ తెలుసుకోవాల్సిన పని ఉండదు."

ఏ సినిమాలోనూ ఎవరూ అలా బెదిరించి ఉండరు. బహుశా అందుకే అది పనిచేసింది. కాలుస్తానని అరిచే మనిషిని ఎలా తట్టుకోవాలో ఆ వచ్చినవాడికి తెలుసు. తెలీదనే మనిషి, చెమటతో తడిసి, వేలు ట్రిగ్గరు మీద పెట్టి నిలబడితే ఏం చేయాలో వాడికీ తెలియలేదు. గోడ అవతల సుత్తులు ఆగిపోయాయి. మా మాటలు వినబడ్డాయి కాబోలు.

ఆ మనిషి మెల్లగా లేచాడు. లేస్తూ చేతులు కనబడేలా పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి డ్రైవరుకు తల ఊపాడు. నేను వాడి పక్క నుంచి దూసుకెళ్లి పాపను చంకలో వేసుకున్నాను. ఐసుపుల్ల నా జాకెట్టుకు అంటుకుంది. వీధిలో తాతగారు, ఆయన కొడుకు, అవతలి ఇళ్ల పనివాళ్లు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఊరికే నిలబడ్డారు, అంతమంది. జీపు వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోయింది.

లోపలికి వచ్చేసరికి మా ఆయన అదే పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. రివాల్వరు ఒళ్లో ఉంది. చెయ్యి దాన్ని వదలడం లేదు. వదలాలని చూస్తున్నారు, వేళ్లు తెరుచుకోవడం లేదు. నేను ఒక్కొక్క వేలే విప్పి తీసి, చక్రం తెరిచి తూటాలు దులిపేశాను.

"అమ్మా, ఆ అంకుల్‌ మంచివాడు. మళ్లీ ఎప్పుడొస్తాడు?" అని అడిగింది పాప.

మా ఆయన అప్పుడు ఏడ్చారు.

ఆ సాయంత్రమే వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. కోర్టు అయ్యేదాకా మా గుమ్మం దగ్గర ఒక కానిస్టేబుల్‌ని పెట్టారు. శనివారం నుంచి సోమవారం దాకా పాపను గుడివాడలో మావయ్య దగ్గర ఉంచాం. పొడుగువి ఎందుకు తీసేశారని మావయ్య మండిపడ్డాడు. "అవే ఉంటే వాడు మళ్లీ నీ గుమ్మం ఎక్కేవాడా?" అన్నాడు. "అవే ఉంటే నేను తాతగారి మొహం మళ్లీ చూసేవాణ్ణి కాదు బాబాయి గారూ," అన్నారు మా ఆయన. ఇద్దరూ ఆ విషయంలో చివరిదాకా కలవలేదు. తూటాలు మార్చిన ఆ కాస్త ఆలస్యమే కోపాన్ని దించిందని మా ఆయన అనేవారు. నాకు అంత నమ్మకం లేదు. పొట్టివి పెట్టుకున్నాక కూడా ఆయన కాల్చి ఉండేవారేమో. పొట్టివి కూడా మనిషిని చంపుతాయి.

సోమవారం జిల్లా కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. చనిపోయినతని భార్య వెనక బెంచీ చివర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ముద్దాయిల వకీలు మా ఆయన్ని తుపాకీ గురించే ఎక్కువసేపు అడిగాడు.

"మీరు పిరికివారు. ప్రాణభయంతో తుపాకీ కొనుక్కున్నారు. అంత భయస్తుడు, అంత దూరం నుంచి, మొహాలు సరిగ్గా చూశారంటే ఎలా నమ్మాలి?"

"భయపడ్డాను కాబట్టే బాగా గుర్తున్నాయండీ," అన్నారు మా ఆయన. తర్వాత ముద్దాయిల వైపు తిరిగి ఒక్కొక్కరినీ చూపించి, ఎవరి చేతిలో ఏముందో, ఎవరు ముందు కొట్టారో, చెప్పుకుంటూ వెళ్లారు. జీపులో కూర్చున్న మనిషిని కూడా చూపించారు. నా పక్కన ఆమె ఆ మాటలన్నిటికీ నిశ్శబ్దంగా తల ఊపుతోంది.

నరికినవాళ్లకు శిక్ష పడింది. కాంట్రాక్టరు మీద కేసు నిలవలేదు. అక్కడ కూర్చుని ఉండడం వేరు, చేయించడం వేరు అన్నారు. తీర్పు రోజున కోర్టు మెట్ల దగ్గర ఆమె మా ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, నాకిది సాల్దు. సాల్దనే సెబుతున్నాను. కానీ మీరు సెప్పారు. ఇంకెవరూ సెప్పలేదు," అంది. దండం పెట్టలేదు, ఏడవలేదు. బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.

పై కోర్టులో కూడా ఆ శిక్షలే ఖాయమయ్యేసరికి కొన్నేళ్లు పట్టింది. ఆ కొన్నేళ్లూ రివాల్వరు బీరువాలో ఉంది, పొట్టి తూటాలతోనే. పొడుగు తూటాలను మా ఆయన ఆ నెలలోనే బెజవాడ షాపులో అప్పగించేశారు. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఏడాది లైసెన్సు రెన్యువల్‌ వచ్చినప్పుడు రివాల్వరు కూడా అక్కడే ఇచ్చేసి వచ్చారు. నన్ను అడగలేదు. ఆ అరలో పాప టెన్త్‌ పుస్తకాలు సర్దుకుంది.

ఆ మరుసటేడు ఆయన మళ్లీ అదే పల్లె బడికి బదిలీ అడిగి వేయించుకున్నారు. పాయకు అడ్డంగా ఉన్న కట్ట అప్పటికి వరదకు సగం కొట్టుకుపోయింది, మిగిలిన సగాన్ని పల్లెవాళ్లు తవ్వేసుకున్నారు. ఒక ఆదివారం నన్ను తీసుకెళ్లారు. కోడూరు నుంచి సైకిలు మీద, నేను వెనక కూర్చుని. మడచెట్ల వాసనతో ఉప్పుగాలి వీస్తోంది. కరకట్ట మీద ఒకచోట ఆయన సైకిలు ఆపి దిగారు.

"ఇక్కడే," అన్నారు.

అంత దగ్గరని నేనెప్పుడూ అనుకోలేదు. నీళ్ల అవతలి మనిషి మొహం కూడా స్పష్టంగా కనబడుతోంది. పడవ ఒకటి పాయలోంచి సముద్రం వైపు వెళ్తోంది. అందులో గెడ వేస్తున్న అతను మా ఆయన్ని గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. ఈయనా ఎత్తారు. తర్వాత మేం సైకిలు నడిపించుకుంటూ బడి వైపు వెళ్లాం.